నాపాలో బెలూన్ రైడ్ బుక్ చేసేవాళ్లకి ఒక చిట్కా

కాలిఫోర్నియాలో ద్రాక్షతోటలకి పేరున్న నాపా వ్యాలీలో హాట్ ఎయిర్ బెలూన్ ఎక్కుదాం అనుకునేవాళ్లు రైడ్‌ని ట్రిప్ చివరి రోజుకి పెట్టుకోకండి, మొదటి పొద్దుటికే పెట్టేయండి, ఎందుకంటే గాలి ఎక్కువున్నా పొగమంచు దట్టంగా ఉన్నా పైలట్ ఎగరనివ్వడు, అప్పుడు మర్నాటికి మార్చుకునే ఛాన్స్ ఉంటుంది. ఎండాకాలంలో దక్షిణాన ఉన్న శాన్ పాబ్లో బే (సముద్రపు పాయ) వైపు నుంచి పొగమంచు లోయలోకి వచ్చేస్తుంది, అలాంటప్పుడు లాంచ్ చోటే మార్చేస్తుంటారు, అందుకే ముందురోజు రాత్రి మెసేజ్ చూసుకోండి. శాన్ హోసే, ఫ్రీమాంట్ నుంచి తెల్లారుజామున డ్రైవ్ చేసి వెళ్లేకంటే రాత్రే లోయలోని యౌంట్‌విల్ ఊరి దగ్గర్లో పడుకోవడం మేలు (రేట్లు మాత్రం మంటే).

బట్టలు పొరలుగా వేసుకోండి. కింద చలి వణికిస్తుంది, పైకెళ్లాక తలపైన మండే బర్నర్ సెగ నేరుగా మాడు మీదకి కొడుతుంది, పొడుగ్గా ఉన్నవాళ్లు టోపీ మర్చిపోవద్దు. బుట్టకి తలుపుండదు, పక్కనున్న కన్నాల్లో కాలు పెట్టి ఎక్కాలి కాబట్టి చీర, హీల్స్ వద్దు, మూసిన బూట్లే వేసుకోండి, దిగేది ఏ తడి పొలంలోనో ఎవరికి తెలుసు! దిగేటప్పుడు మోకాళ్లు కాస్త వంచి లోపలి తాళ్లు గట్టిగా పట్టుకోమంటారు, ఆ టైంలో వీడియోలు తీయకండి. పైన గంటసేపు బాత్రూమ్ ఉండదు, కాఫీ దిగాక తాగొచ్చు.

సీజన్ అంటారా, నా ఓటు ఫిబ్రవరికే, ద్రాక్ష తీగలు మోడుగా ఉన్నా వరసల మధ్య ఆవపూలు పసుపుపచ్చగా విరగబూస్తాయి.