ఇతరుల స్థలంలో గాయపడితే పరిహారం ఎలా అడగాలి?

మూడేళ్ల కిందట మాఘమాసంలో పాలకొల్లు వైపు ఒక పెళ్లికి వెళ్లాం. ఫంక్షన్ హాలులో చేతులు కడుక్కునే చోట కుళాయి కారి నేలంతా నీళ్లు. మా పిన్ని భోజనం ముగించి అక్కడికి వెళ్లి జారిపడింది. తుంటి ఎముక విరిగింది. మేమంతా ఆమెను ఆసుపత్రికి చేర్చే హడావిడిలో ఉండగా హాలువాళ్లు నేల తుడిచేశారు. వారం తర్వాత అడిగితే, "నేల పొడిగానే ఉందండీ, ఆవిడే చీర కుచ్చిళ్లు తొక్కుకుని పడ్డారు" అన్నారు. మా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. ఆ తర్వాత చదివి, న్యాయవాదులను అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మా పిన్నికి ఎదురైనది ఇంకొకరికి ఎదురుకాకూడదు.

ముందుగా, బాధ్యత ఎవరిదో గుర్తించండి

దీనికోసమే చేసిన చట్టం మన దేశంలో లేదు. కోర్టు తీర్పుల నుంచి వచ్చిన సూత్రం మాత్రం బలమైనదే: స్థలం ఎవరి అధీనంలో ఉందో, అక్కడికి వచ్చేవారు దెబ్బతినకుండా వారు తగిన జాగ్రత్త తీసుకోవాలి. యజమాని పేరు ఒక్కటే చూస్తే సరిపోదు. మన గోదావరి డెల్టాలో రొయ్యల చెరువు ఒకరిది, లీజుకు తీసుకుని సాగు చేసేది మరొకరు. గట్టు మీద మోటారు స్టార్టరు పెట్టె ముట్టుకుంటే షాక్ కొడుతుంటే మొదట ప్రశ్నించవలసింది లీజుదారును. షెడ్డు గోడే కూలితే యజమానినీ అడగాలి. సందేహం ఉంటే ఇద్దరికీ నోటీసు ఇవ్వండి.

పిలిస్తే వచ్చిన అతిథి, కొట్టుకు వచ్చిన కొనుగోలుదారు విషయంలో ఈ బాధ్యత ఎక్కువ. చెప్పకుండా చొరబడినవారి విషయంలో తక్కువ. కానీ దొంగలొస్తారని కంచెకు కరెంటు పెట్టే హక్కు ఎవరికీ లేదు.

రెండు సుప్రీంకోర్టు తీర్పులు గుర్తుంచుకోండి. ఢిల్లీ చాందినీ చౌక్‌లో మునిసిపల్ కార్పొరేషన్‌కు చెందిన గడియార స్తంభం కూలి ముగ్గురు చనిపోయిన కేసులో 1966లో కోర్టు ఒక మాట తేల్చింది: సరిగా చూసుకుంటున్న కట్టడం దానంతట అది కూలదు, కాబట్టి నిర్లక్ష్యం లేదని చూపవలసింది మునిసిపల్ కార్పొరేషనే. ఇక 2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసు. వానలో తెగిపడిన తీగ తగిలి ఒకరు చనిపోతే, ఎవరో దొంగతనంగా కరెంటు లాగడం వల్లే ఇలా జరిగిందని బోర్డు వాదించింది. ఆ వాదన నిలవలేదు. ప్రమాదకరమైన సరఫరా నడిపేవారు పరిహారం ఇచ్చి తీరాలని కోర్టు చెప్పింది.

మొదటి రోజు చేయవలసినవి

గాయపడినవారితో ఒకరు ఆసుపత్రికి వెళ్లాలి, ఇంకొకరు అక్కడే ఆగాలి. మేము చేయనిది ఇదే. ఆగిన మనిషి ఫోనుతో నేల, నీరు, విరిగిన మెట్టు, వెలగని దీపం, హెచ్చరిక బోర్డు లేకపోవడం, అన్నీ దగ్గర నుంచీ దూరం నుంచీ తీయాలి. చూసిన ఇద్దరు ముగ్గురి పేర్లు, ఫోను నంబర్లు రాసుకోవాలి. సీసీ కెమెరా ఉంటే ఆ దృశ్యాలు చెరపకుండా ఉంచమని అదే రోజు వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా అడగాలి. పాత దృశ్యాల మీద కొత్తవి పడిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఆసుపత్రిలో డబ్బులు కట్టలేదనో, పోలీసులు రాలేదనో అత్యవసర చికిత్స ఆపకూడదు. సుప్రీంకోర్టు 1989లోనే ఈ మాట చెప్పింది. డాక్టరు "ఎలా జరిగింది?" అని అడిగినప్పుడు చెప్పే జవాబు మీదే తర్వాత కేసంతా నిలబడుతుంది. గొడవెందుకని "ఇంట్లో జారిపడింది" అని చెప్పేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ ఒక్క వాక్యం కేస్ షీటులోకి ఎక్కితే తర్వాత ఎంత చెప్పినా నమ్మించడం కష్టం. జరిగిన చోటు, సమయం, కారణం ఉన్నవి ఉన్నట్టు చెప్పి, మెడికో లీగల్ కేసుగా (ఆసుపత్రి పోలీసులకు తెలియజేసే కేసుగా) నమోదు చేయమని అడగండి.

గాయం తీవ్రమైతే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. నిర్లక్ష్యంతో గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షను కింద నేరం. మరణం సంభవిస్తే 106. ప్రమాదం కోనసీమలో జరిగి మీరు రాజమహేంద్రవరం ఆసుపత్రిలో ఉన్నా, రాజమహేంద్రవరం స్టేషనులోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి.

పెద్దమనుషుల ముందు కూర్చునేటప్పుడు

మన ఊళ్లలో అసలు పరీక్ష ఇక్కడే. "మనలో మనకు కోర్టులెందుకు, పదివేలు ఇప్పిస్తాం, సంతకం పెట్టేయండి" అంటారు. రాజీ తప్పేమీ కాదు, నేను వద్దనను. కానీ ఎముక అతికిందో లేదో తెలియకముందే "ఇక మాకు ఏ హక్కూ లేదు" అని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టకండి. మా పిన్నికి రెండో ఆపరేషన్ ఐదు నెలల తర్వాత అవసరమైంది. డబ్బు తీసుకోవలసి వస్తే "చికిత్స ఖర్చుల్లో కొంత భాగంగా మాత్రమే" అని రసీదు రాసి తీసుకోండి. అడగడం దురాశ కాదు. మంచం పట్టిన మనిషి కూలి, ఆమెను చూసుకోవడానికి పని మానేసిన కూతురి కూలి, రెండూ నిజమైన నష్టాలే.

అందుకే ఒక సంచిలో అన్నీ దాచండి: మందుల బిల్లులు, ఎక్స్‌రేలు, ఆటో ఖర్చులు, పనికి వెళ్లని రోజుల లెక్క. శాశ్వత వైకల్యం మిగిలితే సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం). వీటికి తోడు నొప్పికి, ముందు ముందు తగ్గే సంపాదనకు కూడా కోర్టు విలువ కడుతుంది. మీ అజాగ్రత్త కూడా కొంత ఉందని తేలితే ఆ మేరకు తగ్గిస్తుంది.

నోటీసు, ఆ తర్వాత

న్యాయవాది ద్వారా నోటీసు పంపండి. ఏం జరిగింది, ఎంత నష్టం, ఎన్ని రోజుల్లో చెల్లించాలి అన్నవి అందులో ఉండాలి. స్పీడ్‌పోస్టులో పంపి, అందిన రుజువు దాచండి. జవాబు రాకపోతే దారి మీ పరిస్థితిని బట్టి ఉంటుంది.

డబ్బు చెల్లించి వాడుకున్న చోటైతే, అంటే ఫంక్షన్ హాలు, హోటలు, ఈతకొలను లాంటివైతే, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీ తరఫున ఇంకొకరు డబ్బు కట్టినా, వారి అనుమతితో సేవ పొందితే మీరూ వినియోగదారే. గడువు 2 ఏళ్లు. సలహాకు 1915 నంబరు ఉంది.

మిగతా వాటికి సివిల్ కోర్టు. గాయాలకు సాధారణంగా 3 ఏళ్లు. మనిషి చనిపోతే భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసం 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద వేసే దావాకు 2 ఏళ్లే. ప్రభుత్వం మీదైతే దావాకు 2 నెలల ముందు నోటీసు ఇవ్వాలి, కొన్ని సందర్భాల్లో గడువు ఏడాదికే ముగుస్తుంది, అందుకే ఆలస్యం వద్దు. రైసుమిల్లులో కూలి, చెట్టెక్కి కొబ్బరికాయలు దించే దింపు కార్మికుడు వంటివారు పనిలో గాయపడితే ముందు కార్మిక శాఖ కార్యాలయంలో అడగాలి. వారి పరిహారానికి వేరే చట్టం ఉంది.

ఫీజుకు డబ్బు లేకపోతే ఆగిపోకండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు. 15100కు ఫోను చేయండి, లేదా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవల కార్యాలయంలో అడగండి. వారే కేసును రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌కు పంపవచ్చు. అక్కడ కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీతో (తుది ఆదేశంతో) సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కాబట్టి అక్కడ కూడా, సంతకానికి ముందు కాగితం మొత్తం చదివించుకుని వినండి.