లైన్ బయట అరుపుల మధ్య చిన్న మ్యాచ్‌కి రిఫరీగా ఎలా నిలబడాలి?

చిన్న స్థాయి ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి చాలా ఏళ్లుగా రిఫరీగా ఉంటున్నాను. కొత్త రిఫరీలు రూల్స్ రాక దెబ్బతినడం పెద్దగా చూడలేదు. దెబ్బతినేదంతా ఎవరో గట్టిగా అరిచినప్పుడే. ఒకరు పట్టించుకోనట్టు నటిస్తూ లోపల ఉడికిపోతారు, ఇంకొకరు లైన్ దగ్గరికే వెళ్లి వాదనకి దిగుతారు, మరొకరు ఇరవై నిమిషాల్లో నాలుగు కార్డులు తీసేస్తారు, ఆ తర్వాత వాళ్ల చేతిలో ఏమీ మిగలదు. ఒకటి రెండు సీజన్లకి మానేస్తారు. మంచి రిఫరీలు ఇలా వెళ్లిపోవడం చూసి విసిగిపోయి ఇది రాస్తున్నాను.

సామాను సంగతి తొందరగా చెప్పేస్తాను. విజిళ్లు రెండు, వాచీలు రెండు, రెండు రంగుల కార్డులు (ఎల్లో హెచ్చరికకి, రెడ్ బయటికి పంపడానికి), చిన్న నోట్‌బుక్, పెన్సిల్ (వానలో పెన్ను రాయదు), టాస్‌కి నాణెం. లోపల గోళీ లేని విజిల్ కొనండి, తడిసినా మోగుతుంది. విజిల్ చేతిలో ఉండాలి, నోట్లో కాదు. నోట్లో ఉంటే ఫౌల్ కనబడగానే ఊదేస్తారు, అడ్వాంటేజ్ ఇవ్వాలా వద్దా (అంటే ఫౌలైనా దెబ్బతిన్న టీమ్‌కే లాభం ఉంటే ఆట సాగనివ్వాలా) అని చూసుకునే ఆ రెండు సెకన్లు దొరకవు.

అరగంట ముందే గ్రౌండ్‌కి చేరండి. వలలు, బంతిలో గాలి, గీతలు చూడండి. గోల్ పోస్టులు నేలకి గట్టిగా బిగించి లేకపోతే ఎవరెంత బతిమాలినా మ్యాచ్ మొదలుపెట్టొద్దు. జెండా పట్టుకోవడానికి ఒక్కో టీమ్ నుంచి ఒకరిని తీసుకుని, బంతి పూర్తిగా లైన్ దాటితేనే జెండా ఎత్తమని, ఆఫ్‌సైడ్ (తోటివాడు బంతి ఇచ్చే క్షణంలో ఆటగాడు డిఫెండర్లని దాటి ముందుండటం) మీరే చూసుకుంటారని చెప్పండి. ఆ పని వాళ్లకి అప్పజెప్పితే గొడవ మీరే పిలిచి తెచ్చుకున్నట్టు.

తర్వాత ఇద్దరు కెప్టెన్లనీ, ఇద్దరు కోచ్‌లనీ ఒకేచోటికి పిలవండి. రెండు మాటలు చాలు. మొదటిది, నిర్ణయం గురించి ఏదైనా అడగాలంటే కెప్టెన్ ఒక్కరే వచ్చి మర్యాదగా అడగాలి. యూరప్ దేశాల టోర్నీ యూరో 2024లో ఈ పద్ధతి అందరూ టీవీలో చూశారు, నిబంధనలు రాసే ఐఎఫ్ఏబీ కూడా అదే ఏడాది దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది, కాబట్టి ఇప్పుడు ఎవరికీ కొత్తగా అనిపించదు. రెండోది చాలామంది అడగరు, కానీ నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది అదే: "మీ వైపు నిలబడే జనంతో మాట్లాడాల్సి వస్తే ఎవరు మాట్లాడతారు?" పేరు చెప్పేదాకా కదలొద్దు. చెప్పిన పేరు నోట్‌బుక్‌లో రాసుకోండి.

మ్యాచ్ మొదలయ్యాక పరిగెత్తండి. మైదానం ఒక మూల నుంచి ఎదురు మూలకి ఏటవాలుగా తిరిగితే ఆట ఎప్పుడూ కళ్ల ముందు ఉంటుంది. నడివలయంలో నిలబడి పెనాల్టీ ఇస్తే అది సరైనదే అయినా ఎవరూ నమ్మరు, అదే నాలుగడుగుల దూరంలో ఉండి ఇస్తే సణిగి ఊరుకుంటారు.

ఇక అసలు కష్టమైన చోటు. ఇది నెమ్మదిగా చదవండి.

మొదటి అరుపు తొలి పది నిమిషాల్లో వస్తుంది. అది చాలాసార్లు నిర్ణయం మీద కోపం కాదు, మీరు తల తిప్పుతారా లేదా అని చూడటం. తిప్పొద్దు. చెయ్యి స్పష్టంగా చూపించి, ఆట ఎక్కడి నుంచి మొదలవ్వాలో అక్కడికి నడవండి. చెవిని మాత్రం అక్కడే ఉంచండి, ఎందుకంటే అన్ని అరుపులూ ఒకటి కావు. "అయ్యో రిఫరీ, అదెలా!" అనేది బాధ, గాల్లో కలిసిపోతుంది, వదిలేయండి. ప్రతి విజిల్‌కీ అదే గొంతు లేస్తుంటే అది మిమ్మల్ని లొంగదీసుకునే ప్రయత్నం, దాన్ని లెక్కపెట్టండి. ఇక తిట్టు, బెదిరింపు, ఎవరి రంగు మీదో పుట్టుక మీదో మాట అయితే లెక్కపెట్టడాలు లేవు, అక్కడికక్కడే చర్య.

ఆ గొంతు ఎవరిదో తేల్చుకోవడం దీనికన్నా ముఖ్యం. ఆటగాడిదైతే ముందు పక్కన నడుస్తూ మెల్లగా ఒక మాట, రెండోసారి బంతి ఆగినప్పుడు కెప్టెన్‌ని పిలిచి అందరికీ కనబడేలా ఒక హెచ్చరిక, మూడోసారి ఎల్లో. ఈ మూడు మెట్లూ ఇదే వరుసలో ఎక్కాలి. నేరుగా ఎల్లోకి వెళ్లినా నిబంధన ఒప్పుకుంటుంది, కానీ తర్వాత ఎనభై నిమిషాలు నడపాల్సింది మీరే. బూతు తిట్టినా అవమానించినా మెట్లు లేవు, రెడ్. బెంచీ నుంచి వస్తే 2019 నుంచి కోచ్‌లకి కూడా కార్డు చూపించవచ్చు. అరిచిందెవరో తేలకపోతే టెక్నికల్ ఏరియాలో (బెంచీ చుట్టూ కోచ్‌లు ఉండే చోట) ఉన్న సీనియర్ కోచ్ మీద అది పడుతుంది. ఈ సంగతి మ్యాచ్‌కి ముందే కోచ్‌తో అంటే చాలు, బెంచీని ఆయనే అదుపులో పెట్టుకుంటాడు.

ప్రేక్షకులదైతే మీ దగ్గర కార్డు లేదు. కొత్తవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. లైన్ దగ్గరికి వెళ్లి ఆ మనిషితో మాట్లాడొద్దు. ఒక్క మాట బదులిచ్చారంటే ఇప్పుడు ఇద్దరు పోట్లాడుతున్నట్టు, రిఫరీ అనేవాడు లేనట్టు. బంతి బయటికి వెళ్లాక ఆట ఆపి, ఇందాక పేరు రాసుకున్న వ్యక్తిని పిలిచి, "ఆ నీలం చొక్కా ఆయన ఆపితేనే ఆట మొదలవుతుంది" అని చెప్పి మధ్యకి వెళ్లి నిలబడండి. ఆ రెండు నిమిషాల నిశ్శబ్దంలో పక్కనున్నవాళ్లే ఆయన్ని ఊరుకోబెడతారు, ఆట చూడాలని వచ్చింది వాళ్లు కదా. వినకపోతే రెండు టీములనీ పక్కకి తీసుకెళ్లి ఆట నిలిపేయండి. అప్పటికీ ఆగకపోతే, మైదానంలోకి వస్తే, మ్యాచ్ రద్దు చేయండి. ఆ అధికారం నిబంధనల్లోనే ఉంది. ఫలితం ఏమవ్వాలన్నది మాత్రం మీ పని కాదు, నిర్వాహకులది.

నవ్వుతూ జోకులేసి చల్లబరచాలి అనేవాళ్లున్నారు. ఒక టీమ్‌కి నవ్వొచ్చిన జోకు రెండో టీమ్‌కి పక్షపాతంలా కనిపిస్తుంది, నేను ఒప్పుకోను. మొదటి మాటకే కార్డు తీయాలి అనేవాళ్లూ ఉన్నారు. కార్డు ఎందుకు పుట్టిందో వాళ్లకి గుర్తులేదు. 1966 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్, అర్జెంటీనా మ్యాచ్‌లో ఎవరికి హెచ్చరిక ఇచ్చారో సరిగా తెలియక గందరగోళమైతే, రిఫరీల బాధ్యత చూస్తున్న కెన్ ఆస్టన్‌కి ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఈ రంగుల ఆలోచన వచ్చింది, 1970 ప్రపంచ కప్‌లో అమలైంది. అంటే కార్డు ఉన్నది తెలియజేయడానికి, కోపం తీర్చుకోవడానికి కాదు. ముఖంలో ఏ మార్పూ లేకుండా, రెండడుగుల దూరం ఉంచి చూపించండి.

మీ పోటీ నియమాల్లో సిన్ బిన్ ఉంటే వాదించేవాళ్లకి అదే మంచి మందు. 90 నిమిషాల ఆటలో 10 నిమిషాలు బయట కూర్చోవాలి. వట్టి ఎల్లో అయితే ఆ ఆటగాడికొక్కడికే పడుతుంది, టీమ్ పదిమందితో ఆడాల్సి వస్తే తోటివాళ్లే వాడి నోరు మూయిస్తారు.

అరుపుల్లో సగం తప్పుడు రూల్స్. "బంతినే తాకాడు!" అంటారు, బంతిని తాకినా నిర్లక్ష్యంగా మనిషిని పడగొడితే ఫౌలే. "లాస్ట్ మ్యాన్, రెడ్ ఇవ్వాలి!" అంటారు, అంటే ఫౌల్ చేసింది చివరి డిఫెండర్ కాబట్టి బయటికి పంపాలని, నిబంధనల్లో ఆ మాటే లేదు, గోల్‌కి దూరం, ఆట సాగే దిశ, బంతి అందే అవకాశం, డిఫెండర్లు ఎందరు ఎక్కడున్నారు అనే నాలుగూ చూడాలి. త్రో-ఇన్ (లైన్ బయటి నుంచి చేతులతో విసిరే బంతి) నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ ఉండదు, అయినా ప్రతి మ్యాచ్‌లో ఎవరో ఒకరు అరుస్తారు. ఇవి మీకు గట్టిగా తెలిస్తే గుండె నిబ్బరంగా ఉంటుంది. లైన్ బయటికి మాత్రం వివరించొద్దు.

ఒక్కటి నా అనుభవం నుంచి. ఒకసారి పెనాల్టీ ఇచ్చాను, తర్వాత అది తప్పేమో అనిపించింది, అరుపులు ఆగడం లేదు. ఐదు నిమిషాలకి అవతలి టీమ్‌కి ఒక చిన్న ఫౌల్ ఎక్కువగా ఇచ్చేశాను. అంతే, రెండు టీములకీ నా మీద నమ్మకం పోయింది, చివరిదాకా తిరిగి రాలేదు. ఆట తిరిగి మొదలవకముందు తప్పు తెలిస్తే ధైర్యంగా మార్చండి. మొదలయ్యాక మార్చలేరు, కాబట్టి దాన్ని అక్కడే వదిలేయండి. తూకం వేయొద్దు.

మ్యాచ్ అయ్యాక గేటు దగ్గర చర్చలు పెట్టుకోకండి, ఒంటరిగా బయటికి వెళ్లకండి. రిపోర్టు ఆ రాత్రే రాయండి. "అసభ్యంగా మాట్లాడాడు" అని రాస్తే విచారణలో నిలబడదు. ఏ నిమిషంలో, ఎవరు, ఎంత దూరం నుంచి, సరిగ్గా ఏ మాట అన్నారో ఆ మాటే రాయండి, అది ఎంత చెడ్డ మాటైనా. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.