ఇన్‌స్టాగ్రామ్‌లో కొత్తగా చేరుతున్నారా? ముందు తాళం, తర్వాత ముచ్చట

బతుకమ్మ ఫొటోలు పెట్టుకుందామని ఒకరు, అమెరికాలో ఉన్న బిడ్డ మనవడి వీడియోలు పెడుతున్నదంటే చూద్దామని ఇంకొకరు, వరంగల్ కొత్తవాడలో నేసిన దర్రీలు (నేల మీద పరిచే తివాచీలు) నాలుగు ఊళ్లకు తెలియాలని మరొకరు ఇన్‌స్టాగ్రామ్‌లో చేరుతుంటారు. ముగ్గురి అవసరాలు వేరు. పొరపాటు మాత్రం ఒక్కటే చేస్తారు. అకౌంట్ తెరిచిన పది నిమిషాల్లో ఫొటో పెట్టేస్తారు, కనబడ్డవాళ్లందరినీ ఫాలో అవుతారు. తాళం సంగతి అకౌంట్ చేజారాక గుర్తొస్తుంది. అందుకే మొదటి గంట సెటింగ్స్‌కు ఇవ్వండి. మొదటి వారం ఊరికే చూడండి. ఎనిమిదో రోజున మొదటి ఫొటో పెట్టండి.

అకౌంట్ ఎవరి మెయిల్ మీద ఉంది?

యాప్‌ను ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ నుంచే దించుకోండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఏపీకే ఫైలు (స్టోరుతో పని లేకుండా నేరుగా ఫోన్‌లో ఎక్కే యాప్) వద్దు. అలాంటి యాప్‌లో మీరు కొట్టే పాస్‌వర్డ్ ఎటు పోతుందో చెప్పలేం.

ఇంట్లో పెద్దవాళ్ల అకౌంట్లు చాలావరకు మొబైల్ షాపు పిల్లాడో, పక్కింటి కాలేజీ కుర్రాడో తెరిచినవే. తొందరలో అతను తన మెయిలే ఇచ్చేస్తాడు. కొన్ని నెలల తర్వాత పాస్‌వర్డ్ మరిచిపోతే, కొత్తది పెట్టుకోవడానికి వచ్చే కోడ్ అతనికి పోతుంది, మీకు రాదు. కాబట్టి పాస్‌వర్డ్ మీకు తెలిసిన, మీ ఫోన్‌లో తెరుచుకునే జీమెయిల్‌నే ఇవ్వండి. నంబరు కూడా మీరు రోజూ వాడేదే ఉండాలి. నెలల తరబడి రీచార్జ్ చేయని నంబరును కంపెనీ వెనక్కి తీసుకొని వేరేవాళ్లకు ఇస్తుంది. అప్పుడు మీ కోడ్లు వాళ్ల చేతికి చిక్కుతాయి.

పుట్టిన తేదీ నిజమైనదే రాయండి. 13 ఏళ్లు నిండనివాళ్లకు ఇక్కడ అకౌంట్ లేదు. 18 లోపు పిల్లల అకౌంట్లు మొదటి నుంచే ప్రైవేటుగా ఉంటాయి, తెలియనివాళ్లు మెసేజ్ చేయకుండా అడ్డుకట్ట కూడా ఉంటుంది. పదో తరగతి పిల్ల వయసు ఎక్కువ రాసుకుంటే ఈ రక్షణలన్నీ పోతాయి.

యూజర్‌నేమ్ 30 అక్షరాలకు మించకూడదు. అందులో ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్ మాత్రమే పడతాయి. పుట్టిన సంవత్సరం, ఫోన్ నంబరు అందులో ఇరికించకండి. దాని కింద కనిపించే పేరును తెలుగులో పెట్టుకోవచ్చు, కానీ 14 రోజుల్లో రెండుసార్లకు మించి మార్చనివ్వదు. వెతికేటప్పుడు ఈ పేరు కూడా లెక్కకొస్తుంది కాబట్టి, అమ్మకం కోసం తెరిచేవాళ్లు ఇక్కడే సరుకు పేరు, ఊరు పేరు రాయాలి. హనుమకొండను ఇంగ్లిషులో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. కొనేవాళ్లు ఏ స్పెల్లింగుతో వెతుకుతారో తెలియదు కనుక, పేరులో వరంగల్ అని ఉంచి హనుమకొండను బయోలో రాయండి. బయోకు 150 అక్షరాలే చోటు.

చేరేటప్పుడు యాప్ మీ ఫోన్‌లోని కాంటాక్టులు అడుగుతుంది. వద్దనండి. ఇస్తే మీ ఫోన్ పుస్తకమంతా వాళ్ల సర్వర్‌కు ఎక్కుతుంది. ఎప్పుడో సేవ్ చేసుకున్న గ్యాస్ బండ మనిషికి, పాత ఇంటి ఓనరుకు కూడా మీ అకౌంట్‌ను చూపించే అవకాశం ఉంది. ఇప్పటికే ఇచ్చి ఉంటే సెటింగ్స్‌లోని అకౌంట్స్ సెంటర్‌లో ‘యువర్ ఇన్ఫర్మేషన్ అండ్ పర్మిషన్స్’ కింద ‘అప్‌లోడ్ కాంటాక్ట్స్’ ఆపేయండి. మెనూ పేర్లు అప్పుడప్పుడు మారుతుంటాయి. దొరక్కపోతే సెటింగ్స్ పైనున్న వెతుకు పెట్టెలో ఆ మాట కొట్టండి.

రెండో తాళం

పాస్‌వర్డ్ కనీసం 12 అక్షరాలుండాలి, జీమెయిల్‌కు పెట్టినది దీనికి పెట్టకూడదు. కానీ ఒక్క పాస్‌వర్డే కాపాడుతుందని అనుకోకండి. టూ ఫ్యాక్టర్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఒక కోడ్ కూడా అడిగే రెండో తాళం, తప్పకుండా పెట్టుకోండి:

1. ప్రొఫైల్‌లో కుడివైపు పైన మూడు గీతలు నొక్కి, అకౌంట్స్ సెంటర్, అక్కడి నుంచి ‘పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ’, తర్వాత ‘టూ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్’కు వెళ్లండి.
2. ఎస్సెమ్మెస్, ఆథెంటికేటర్ యాప్ అని దారులు చూపిస్తుంది. యాప్‌నే ఎంచుకోండి. గూగుల్ ఆథెంటికేటర్ ఉచితం, ప్రతి 30 సెకన్లకు కొత్తగా 6 అంకెల కోడ్ చూపిస్తుంది.
3. ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చే పొడవాటి కీని కాపీ చేసి ఆ యాప్‌లో అతికించండి. అక్కడ కనబడిన కోడ్‌ను తిరిగి ఇక్కడ కొట్టండి.
4. ఫోన్ చేతిలో లేనప్పుడు లోపలికి వెళ్లడానికి ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసుకొని బ్యాంకు పాసుబుక్కుతో పాటు బీరువాలో పెట్టండి. స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో దాస్తే, ఫోన్ పోయిన రోజు అవి కూడా పోతాయి.

యాప్ ఎందుకంటే, దానికి సిగ్నల్ అక్కర్లేదు. మేడారం జాతర రద్దీలో ఎస్సెమ్మెస్ సమయానికి రాకపోయినా యాప్‌లో కోడ్ కనబడుతుంది. కోడ్ సరిగ్గానే కొట్టినా తప్పని చూపిస్తుంటే ఫోన్ గడియారం చూడండి. సమయం కాస్త అటూ ఇటూ ఉన్నా కోడ్ కలవదు. డేట్ అండ్ టైమ్‌ను ఆటోమేటిక్‌లో పెడితే సరిపోతుంది. ఫోన్ మార్చేటప్పుడు పాతది అమ్మకముందే ఆథెంటికేటర్‌ను కొత్త ఫోన్‌కు మార్చుకోండి.

ఎవరికి ఏం కనబడాలి?

పెద్దవాళ్ల అకౌంట్ మామూలుగా పబ్లిక్‌గానే తెరుచుకుంటుంది. కుటుంబం కోసం చేరినవాళ్లు సెటింగ్స్‌లో ‘అకౌంట్ ప్రైవసీ’కి వెళ్లి ‘ప్రైవేట్ అకౌంట్’ ఆన్ చేయండి. ఆ తర్వాత మీరు ఒప్పుకున్నవాళ్లకే పోస్టులు కనబడతాయి. అయితే ప్రైవేటు చేసినా ప్రొఫైల్ ఫొటో, పేరు, బయో అందరికీ కనబడుతూనే ఉంటాయి. నకిలీ అకౌంట్లకు ముడిసరుకు ఆ ఫొటోనే. ముఖం దగ్గరగా కనబడేది కాకుండా, తంగేడు పూలో, రామప్ప శిల్పమో పెట్టుకోవడం మంచిదని మా సలహా. స్కూలు పేరు, ఇంటి అడ్రసు బయోలో వద్దు.

అమ్మకం కోసమైతే ప్రొఫెషనల్ అకౌంట్ కావాలి. అది ప్రైవేటుగా ఉండదు. ప్రైవేటు నుంచి దానికి మారితే, మీరు ఒప్పుకోకుండా పక్కన పెట్టిన ఫాలో రిక్వెస్టులన్నీ వాటంతటవే ఓకే అయిపోతాయి. కాబట్టి మారకముందే వాటిని తీసేయండి. ఇంటి అకౌంట్‌నే దుకాణం అకౌంట్‌గా మార్చకుండా రెండూ వేరుగా పెట్టుకోవడం ఇంకా మేలు. ప్రొఫెషనల్‌లో బిజినెస్ రకం ఎంచుకుంటే సినిమా పాటలు చాలావరకు దొరకవు, దర్రీ నేసే మగ్గం చప్పుడే పెట్టండి.

ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నారో చూపించే ‘యాక్టివిటీ స్టేటస్’ ఆపేయండి. ‘హిడెన్ వర్డ్స్’లో మీకు వద్దనుకున్న మాటలు చేర్చుకుంటే, అవి ఉన్న కామెంట్లు, మెసేజ్‌లు దాచేస్తుంది. మనవాళ్లు తిట్లను ఇంగ్లిషు అక్షరాల్లో రాసే తీరు ఒకటి కాదు. ఒక్కో మాటకు మూడు నాలుగు స్పెల్లింగులు వేస్తేనే అది పనిచేస్తుంది.

మొదటి వారం: చూడండి, పెట్టకండి

మీరు ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగుతున్నారు, దేన్ని లైక్ చేస్తున్నారు, దేన్ని సేవ్ చేసి ఎవరికి పంపుతున్నారు అన్నది చూసే ఇన్‌స్టాగ్రామ్ రేపు ఏం చూపించాలో తేల్చుకుంటుంది. కొట్లాట వీడియోను కోపంగా చూసినా అది కోపాన్ని లెక్కపెట్టదు, ఆగిన సెకన్లనే లెక్కపెడుతుంది. మర్నాటి నుంచి అన్నీ కొట్లాటలే. అందుకే ఈ వారమంతా మీకు నిజంగా కావాల్సినవి వెతికి చూడండి. కాకతీయుల శిల్పం, మిర్చి సాగు, పెంబర్తి ఇత్తడి పని, మీ ఇష్టం. నచ్చనిది వస్తే చివరిదాకా చూడకుండా మూడు చుక్కలు నొక్కి ‘నాట్ ఇంట్రెస్టెడ్’ కొట్టండి. అప్పటికే ఫీడ్ చెడిపోతే ‘కంటెంట్ ప్రిఫరెన్సెస్’లో ‘రీసెట్ సజెస్టెడ్ కంటెంట్’ ఉంది. ఒకసారి నొక్కితే పాతది తిరిగిరాదు.

రోజుకు పది, పదిహేను మందిని మించి ఫాలో కావద్దు. కొత్త అకౌంట్ ఒకే పూటలో వంద మందిని ఫాలో అయితే యంత్రం దాన్ని స్పామ్ అనుకొని కొన్ని పనులను ఆపేస్తుంది. అలా ఆగితే మళ్లీ మళ్లీ నొక్కకుండా ఒకటి రెండు రోజులు వదిలేయండి. ఫాలోవర్లను అమ్ముతామనేవాళ్ల జోలికి పోవద్దు.

నీలం టిక్ ఇప్పుడు నెలనెలా డబ్బు కట్టినా వస్తుంది. కలెక్టర్ ఆఫీసు అనో, పోలీసులనో చెప్పుకునే అకౌంట్‌ను టిక్ చూసి నమ్మకండి. ఆ శాఖ వెబ్‌సైట్‌లో ఇచ్చిన లింకు నుంచి తెరిచి చూసుకోండి.

రీల్స్ డేటాను త్వరగా తింటాయి. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లు సెటింగ్స్‌లో డేటా సేవర్ ఆన్ చేసుకోండి.

ఎనిమిదో రోజు: మొదటి పోస్టు

ఫొటో నిలువుగా 4:5 కొలతలో, అంటే 1080కి 1350 పిక్సెళ్లలో ఉంటే తెరమీద ఎక్కువ చోటు దొరుకుతుంది. రీల్‌కు 9:16. బతుకమ్మను నిలబడి పైనుంచి తీస్తే పూల వరుసలు కలిసిపోయి పళ్లెంలా కనబడుతుంది. మోకాళ్ల మీద కూర్చొని, పొద్దు గూకకముందు, ఫ్లాష్ లేకుండా తీయండి. గునుగు తెలుపు, తంగేడు పసుపు వేరువేరుగా తెలుస్తాయి.

దర్రీకైతే ఒక్క ఫొటో చాలదు. వాకిట్లో నీడలో పరిచి మొత్తం ఒకటి, నేత కనబడేలా అంచు దగ్గరగా ఒకటి, పరిమాణం తెలిసేలా మనిషి కూర్చున్నది ఒకటి, తిరగేసి వెనకవైపు ఒకటి, మొత్తం నాలుగు తీయండి. ఒకే పోస్టులో ఇరవై దాకా పెట్టనిస్తుంది, అన్ని అవసరం లేదు. కింద అడుగుల్లో కొలత, నూలుదా ఉన్నిదా అన్నది, ఉతికే తీరు, ధర రాయండి. ధర కోసం మెసేజ్ చేయమంటే చాలామంది అడగకుండానే పోతారు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మీ సరుకు నిజంగా ఇక్కడి మగ్గం మీద నేసినదైతే ఆ మాట తప్పక రాయండి. హ్యాష్‌ట్యాగ్‌లు మూడు నాలుగు చాలు, తెలుగులోనూ పనిచేస్తాయి. మాటల మధ్య ఖాళీ వస్తే ట్యాగ్ అక్కడికే తెగిపోతుంది.

పెట్టేముందు ఫొటోను వేళ్లతో పెద్దది చేసి వెనకాల ఏముందో చూడండి. బండి నంబరు, పిల్లల స్కూలు బ్యాడ్జి, హాల్‌టికెట్, రైలు టికెట్ పీఎన్నార్, తలుపు మీది ఇంటి నంబరు కనబడితే కత్తిరించండి. లక్నవరం ఫొటోలు ఇంటికొచ్చాక పెట్టండి. అక్కడి నుంచే పెడితే ఇంటికి తాళం వేసి ఉందని ఊరందరికీ చెప్పినట్టే. బతుకమ్మ ఆడుతున్న పక్కింటివాళ్ల ఫొటో అయితే వాళ్లను అడిగాకే పెట్టాలి, వద్దంటే మానేయాలి.

మోసం ఇలా వస్తుంది

ఎక్కువగా తెలిసినవాళ్ల పేరుతోనే వస్తుంది. “అన్నా, నా ఫోన్ ఖరాబైంది, నీకో కోడ్ వస్తది, జెర పంపు” అని దోస్తు అకౌంట్ నుంచి మెసేజ్. అప్పటికే దోస్తు అకౌంట్ వేరేవాళ్ల చేతిలో ఉంది, ఆ కోడ్ మీ అకౌంట్‌ది. “ఎంజీఎం దవాఖానలో ఉన్న, అర్జెంటుగా 5 వేలు కొట్టు” అన్నదీ ఆ బాపతే. ఏది వచ్చినా ముందు ఫోన్ చేసి గొంతు వినండి. కాపీరైట్ తప్పు చేశారు, 24 గంటల్లో అకౌంట్ పోతుందని బెదిరించే లింకు నొక్కకండి. ఇన్‌స్టాగ్రామ్ నిజంగా మెయిల్ పంపిందా అన్నది ‘పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ’లోని ‘రీసెంట్ ఈమెయిల్స్’లో తెలుస్తుంది.

అమ్మేవాళ్లకు ఇంకో రకం. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ వస్తుంది, బ్యాంకులో పైసా పడదు. ఖాతాలో చూసుకున్నాకే సరుకు పంపండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదు.

వీడియో కాల్ రికార్డు చేసి బెదిరించేవాడికి ఒక్క రూపాయి ఇచ్చినా మళ్లీ అడుగుతాడు. ఇవ్వకండి. మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి, బ్లాక్ చేసి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు పోయినప్పుడు కూడా అదే నంబరు. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్ము అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. యూపీఐ లావాదేవీ 12 అంకెల రిఫరెన్స్ నంబరు దగ్గర పెట్టుకొని చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు రాయొచ్చు. వేరొకరి పేరుతో ఆన్‌లైన్‌లో మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా జైలు.

అకౌంట్ చేజారితే ఇన్‌స్టాగ్రామ్ డాట్ కామ్ స్లాష్ హ్యాక్డ్ తెరిచి అక్కడ అడిగినవి నింపండి. తిరిగి లోపలికి వెళ్లగానే మెయిల్, నంబరు మీవేనా చూసుకోండి, తెలియని ఫోన్లన్నిటినీ లాగౌట్ చేయండి, ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చండి. ఈలోగా వాట్సాప్ స్టేటస్‌లో “నా ఇన్‌స్టా నుంచి డబ్బులడిగితే ఇవ్వకండి” అని పెట్టడం మరవద్దు.

అలవాటు మరీ ముదిరితే రోజుకు ఇంతసేపే అని డైలీ లిమిట్ పెట్టుకోవచ్చు. కొన్నాళ్లు ఆపాలంటే డీయాక్టివేట్ చాలు, మళ్లీ లాగిన్ అయితే అన్నీ ఉంటాయి. డిలీట్ కొట్టితే 30 రోజుల లోపు మనసు మార్చుకోవచ్చు, అది దాటితే ఫొటోలు తిరిగిరావు. డిలీట్‌కు ముందు మీ డేటా కాపీ అడిగి, అది ఫోన్‌లో దిగిందని చూసుకున్నాకే నొక్కండి.