ఏటి ఒడ్డు రైతులు రాయగడ వాననూ గమనించాలి
శ్రీకాకుళం జిల్లాకు వర్షసూచన లేనంత మాత్రాన వంశధార, నాగావళి ఒడ్డున పొలాలున్నవారు నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. ఈ రెండు నదులూ ఒడిశా కొండల్లో పుట్టినవి కనుక, రాయగడ, గజపతి జిల్లాల్లో కురిసిన వాన ఇక్కడ ఎండ కాస్తుండగానే వరదై దిగవచ్చు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను గాలులతో సరిపెట్టలేదు, వంశధారకు వరదను కూడా తెచ్చింది. అందువల్ల సూచన చూసేటప్పుడు ఆ రెండు జిల్లాల పేర్లు కూడా వెతకండి. అక్కడ భారీ వర్షమని ఉంటే, వంశధార ఒడ్డు రైతులైతే హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజీ నుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో కనుక్కుని, ఏటి దగ్గర కట్టిన పశువులను, నీళ్లు తోడే మోటార్లను (నా మాట వింటే పశువులనే ముందు) చీకటి పడకముందే మెరకకు చేర్చుకోవాలి.