అరిచి పాడే గొంతుకు ఏ మైకు?

గుంటూరు బ్రాడీపేటలో నాకున్నది పది బై పన్నెండు గది. జానపదాలు, భక్తి పాటలు, ఎన్నికలొస్తే పార్టీ పాటలు అన్నీ ఇక్కడే రికార్డవుతాయి. ఈమధ్య చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల నుంచి రాక్ బ్యాండ్ల కుర్రాళ్ళు కూడా వస్తున్నారు. కూర్చోకముందే వాళ్ళడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, నలభై వేలలో మంచి కండెన్సర్ ఏది?" కండెన్సర్ అంటే సన్నటి చప్పుడు కూడా పట్టే, పనిచేయడానికి కరెంటు కావాల్సిన రకం మైకు. నా జవాబు వాళ్ళకు పెద్దగా నచ్చదు. ముందు మీరు పాడే గది చెప్పండి, తర్వాత గొంతు వినిపించండి, డబ్బు సంగతి ఆఖర్న చూద్దాం అంటాను.

గదితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. మన ఇళ్ళలో కింద టైల్స్, పైన స్లాబు, నాలుగు వైపులా నున్నటి సిమెంటు గోడలు. అలాంటి గదిలో ఒకడు గొంతు చించుకుని పాడితే ఆ చప్పుడు గోడలకు తగిలి మళ్ళీ మైకులోకే వస్తుంది. స్టేజీల మీద ఎక్కువగా కనిపించే డైనమిక్ రకం మైకు ఈ గది చప్పుడును వడకట్టేస్తుందని చాలామంది నమ్మకం. అది సగం నిజమే. అసలు సంగతి దూరంలో ఉంది. డైనమిక్ మైకుకు రెండు అంగుళాల దూరంలో మూతి పెట్టి పాడినా అది తట్టుకుంటుంది. అంత దగ్గర్లో గొంతు బాగా గట్టిగా పడుతుంది కాబట్టి గెయిన్ (మైకు సిగ్నల్‌ను పెంచే మోతాదు) తగ్గించుకోవచ్చు, గెయిన్‌తోపాటు గదీ తగ్గుతుంది. పెద్ద డయాఫ్రమ్ (చప్పుడుకు కదిలే పల్చటి పొర) ఉన్న కండెన్సర్‌కు అంత దగ్గరకెళ్తే ఊపిరి దెబ్బలకే రికార్డింగ్ పాడవుతుంది. అందుకని ఆరేడు అంగుళాలు వెనక్కి జరుగుతారు. ఆ ఖాళీలోకి గది దూరుతుంది.

ఏ మైకు కొన్నా సరే, ముందు రెండు దూది బొంతలు సంపాదించండి. వాటిని మైకు వెనక కట్టకండి, పాడేవాడి వీపు వెనక దండెం కట్టి వేలాడదీయండి. కార్డియాయిడ్ మైకు ముందువైపు వింటుంది, అంటే అది చూసేది పాడేవాడినీ, వాడి వెనకున్న గోడనూ. ఇన్వర్టరో, కిటికీలోంచి వచ్చే ఆటోల రొదో ఉంటే మైకు వీపు అటువైపు ఉండేలా నిలబెట్టండి, ఈ మైకులు వెనకనుంచి వచ్చేదాన్ని బాగా తక్కువ పట్టుకుంటాయి. మే నెలలో కూడా టేకు నడుస్తున్నంతసేపు ఫ్యాను ఆపాల్సిందే. చెమటకు అలవాటుపడని వాడు గుంటూరులో రాక్ పాడలేడు లెండి.

ఇక గొంతు. మగ రాక్ గొంతుల్లో నా దగ్గరకు ఎక్కువగా వచ్చేవి రెండు రకాలు. ఒకటి సన్నగా, పై స్థాయిలో కొంచెం ముక్కుతో పలికే గొంతు. రెండోది ఇసుక రాసినట్టు బొంగురుగా, కింది స్థాయిలో బరువుండే గొంతు. మొదటి రకానికి పై శబ్దాలను మెరిపించే కండెన్సర్ పెడితే కోరస్ వచ్చేసరికి చెవులు మూసుకోవాలి. రెండో రకానికి అదే కండెన్సర్ మేలు చేయొచ్చు, మాట తేటగా వినిపిస్తుంది. అన్ని మగ గొంతులకూ ఒకే మైకు చెప్పేవాళ్ళ మాట నేను పట్టించుకోను.

భాష సంగతి కూడా చూడాలి. తెలుగులో పాడేటప్పుడు నిప్పు, దెబ్బ, గుప్పు లాంటి ఒత్తు మాటల దగ్గర గాలి ఒక్కసారిగా మైకు మీద పడుతుంది. స, శ, ష, చ దగ్గర 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఈలలాంటి చప్పుడు లేస్తుంది. మైకు పరీక్షించేటప్పుడు ఇంగ్లిష్ పాట కాకుండా మీ సొంత తెలుగు చరణమే పాడి చూడండి.

మైకుల్లోకి వస్తే, మొదటిసారి కొనేవాళ్ళకు నేను చెప్పేది షూర్ కంపెనీ డైనమిక్ మైకు ఎస్‌ఎం58. 1966 నుంచి ఉన్న మైకు, పదివేల చుట్టుపక్కల దొరుకుతుంది. స్టేజీ మైకుతో రికార్డింగేంటని మొహం చిట్లించేవాళ్ళుంటారు. యు2 గాయకుడు బోనో స్టూడియోలో కూడా ఇలాంటి చేతి మైకు పట్టుకుని పాడి ఎన్నో పాటలు రికార్డు చేశాడు. చేతిలో మైకుంటే కొందరికి ఒళ్ళు కదులుతుంది, పాట కూడా కదులుతుంది. ఒక్క అలవాటు మాత్రం మాన్పించండి: జాలీని రెండు చేతులతో కప్పేసి అరవడం. అలా మూస్తే మైకు వెనక గాలిదారులు మూసుకుపోయి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది.

నలభై వేలు ఉన్నవాళ్ళు తిరిగి తిరిగి ఆగేది షూర్ వాళ్ళదే ఇంకో డైనమిక్, ఎస్‌ఎం7బి దగ్గర. పాడ్‌కాస్టుల వాళ్ళ పుణ్యమా అని దీని మొహం అందరికీ తెలుసు. దీని మూలరూపం ఎస్‌ఎం7 వచ్చింది 1973లో. మైకేల్ జాక్సన్ 1982 ఆల్బమ్ గాత్రానికి ఇంజినీరు బ్రూస్ స్వీడియన్ వాడింది అదే. గట్టి గొంతును ఇది గుల్ల చేయదు, చెవిలో గుచ్చదు. వెనక రెండు స్విచ్చులుంటాయి: ఒకటి బేస్ తగ్గించడానికి, ఇంకొకటి మాటను కాస్త ముందుకు తేవడానికి. బొంగురు గొంతుకు దగ్గరగా పాడిస్తే బేస్ పేరుకుంటుంది కాబట్టి మొదటి స్విచ్చు వేస్తాను.

దీనితో వచ్చే తకరారు గెయిన్. మామూలుగా మాట్లాడే గొంతుకు దీనికి 60 డెసిబెళ్ళ వరకూ గెయిన్ కావాలి. మైకును కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ పెట్టె, మూడో తరం స్కార్లెట్ 2ఐ2, ఇచ్చేది గరిష్ఠంగా 56. ఇది చదివి చాలామంది టెన్షన్ పడి, మైకుకూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్యలో పెట్టి గెయిన్ పెంచే క్లౌడ్‌లిఫ్టర్ కూడా ఆర్డర్ పెట్టేస్తారు. మైకు ముందు నిలబడి అరిచేవాడికి అది అక్కర్లేదు. అరుపుకు 40 దగ్గరే మీటరు నిండుతుంది. మీ పాటల్లో గుసగుసలాడే చరణాలు ఎక్కువుంటేనే అదనపు బూస్టు గురించి ఆలోచించండి. లేదంటే 2023లో వచ్చిన ఎస్‌ఎం7డీబీ ఉంది, బూస్టు అందులోనే ఉంటుంది.

ఎలక్ట్రో వాయిస్ ఆర్‌ఈ20 గురించి ఒక్క ముక్క. పాడుతూ ముందుకీ వెనక్కీ ఊగే గాయకుడికి ఇది వరం, దగ్గరకొచ్చినా బేస్ పెద్దగా ఉబ్బదు. బరువైన మైకు, గట్టి స్టాండు కావాలి.

కండెన్సరే కావాలి, గది కూడా బాగుంది అనేవాళ్ళకు ఆడియో టెక్నికా ఏటీ2035 చూడమంటాను. దీని తమ్ముడు ఏటీ2020లో లేని రెండు స్విచ్చులు ఇందులో ఉన్నాయి: 10 డెసిబెళ్ళు తగ్గించే ప్యాడ్, 80 హెర్ట్జ్ కింద కోసే ఫిల్టరు. అరిచే గొంతుకు ప్యాడ్ అక్కరకొస్తుంది. ఇంటర్‌ఫేస్‌లో కండెన్సర్‌కు కేబుల్లోంచే కరెంటిచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ వేయడం మర్చిపోకండి. సెల్ఫ్ నాయిస్ (మైకు తనంతట తాను చేసే చప్పుడు) అంకెలు చూసి మైకు ఎంచుకునేవాళ్ళున్నారు. మీరు పాడేది రాక్, ఆ సన్నటి సుయ్ మనే చప్పుడు గిటార్ల కింద ఎవరికి వినపడుతుంది?

నాలుగైదు వేల చవక కండెన్సర్లు గొంతును గీకుతాయెందుకని అడుగుతుంటారు. వాటిలో చాలావాటి క్యాప్సూల్ (చప్పుడును పట్టే లోపలి భాగం) జర్మనీ కంపెనీ న్యూమన్ వాళ్ళ కే67 నమూనాకు నకలు. ఆ క్యాప్సూల్ పుట్టుకతోనే పై శబ్దాలను ఎత్తి చూపిస్తుంది. అసలు న్యూమన్ మైకుల్లో ఆ ఎత్తును దించే సర్క్యూట్ కూడా ఉంటుంది. నకలు చేసినవాళ్ళు చాలాసార్లు క్యాప్సూల్ తీసుకుని సర్క్యూట్ వదిలేశారు. కొనేముందు స్టూడియోలో పాడి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది.

పరీక్షించే పద్ధతి ఇది. స్నేహితుల దగ్గరో, గంటల లెక్కన అద్దెకిచ్చే స్టూడియోలోనో రెండు మూడు మైకులు సంపాదించండి. ఒక్కో మైకులో మీ చరణం ఒకటి గొంతు తగ్గించి, కోరస్ పూర్తి గొంతుతో పాడండి. కోరస్‌లో అత్యంత గట్టి చోట మీటరు మైనస్ 10 డెసిబెళ్ళ దగ్గర ఆగాలి, ఎరుపు తగలకూడదు. తర్వాత అన్ని ట్రాకుల సౌండ్ సమానం చేయండి. ఈ పని తప్పించుకుంటే పరీక్ష దండగ, ఎక్కువ సౌండున్నదే బాగున్నట్టు చెవి నమ్మేస్తుంది. మైకు పేర్లు తీసేసి ఫైళ్ళకు ఒకటి, రెండు, మూడు అని పెట్టమని పక్కవాడికి చెప్పండి. ఒంటరి గొంతుగా వినొద్దు. డిస్టార్షన్ గిటార్లు, డ్రమ్స్ మోగుతుండగా వినండి. ఒంటరిగా తియ్యగా ఉన్న గొంతు గిటార్ల గోడ వెనక దాక్కుంటుంది, ఒంటరిగా కాస్త మొరటుగా ఉన్నది దూసుకొస్తుంది. ఆఖర్న ఫోను స్పీకర్లో ఒకసారి, మీ పాట ఎక్కువమంది వినేది అందులోనే.

మైకు తేలాక డబ్బంతా దానికే పెట్టేయకండి. ఊగని స్టాండు, మంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబులు, ఊపిరి దెబ్బలను ఆపే పాప్ ఫిల్టరు కలిపి మూడు నాలుగు వేలు పక్కన ఉంచండి. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే ఎంత ఖరీదైన మైకులోనైనా గుయ్ మంటుంది, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎస్‌ఎం58కు నకిలీలు విపరీతం. సగం ధరకు ఇస్తామంటే కొనొద్దు. అధీకృత డీలర్ బిల్లు, వారంటీ కార్డు అడగండి. ఇంటికి తెచ్చాక వంటింటి కాటా మీద పెట్టండి, కేబులు లేకుండా అసలుది 298 గ్రాములు తూగాలి. బాగా తేలిగ్గా ఉంటే అదే రోజు వెనక్కి ఇచ్చేయండి.