పాత లీనియర్‌లో (రేడియో సిగ్నల్ పవర్ పెంచే యాంప్లిఫయర్‌లో) కెపాసిటర్లు మారుస్తున్నారా? పక్కనున్న రెసిస్టర్లనూ చూడండి

హై వోల్టేజ్ సప్లైలో సిరీస్‌గా ఉన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉబ్బితే అన్నీ ఒకేసారి మార్చేస్తాం. ఒక్కోదానికి పారలల్‌గా ఉండి, వోల్టేజ్‌ని సమానంగా పంచే రెసిస్టర్లను మాత్రం అలాగే వదిలేస్తాం. అసలు దొంగలు చాలాసార్లు అవే. ఏళ్ల తరబడి వేడెక్కి ఒకదాని విలువ పెరిగితే, దాని కెపాసిటర్ మీద మిగతావాటికన్నా ఎక్కువ వోల్టేజ్ పడుతుంది. కొత్తదైనా పేలుతుంది.

రెసిస్టర్ ఒక కాలు ఊడదీసి కొలవండి, లేకపోతే రీడింగ్ నమ్మలేం. 450 వోల్టుల కెపాసిటర్‌కి 100 కిలో ఓమ్‌ల, 3 వాట్ల మెటల్ ఆక్సైడ్ రెసిస్టర్ సరిపోతుంది: 400 వోల్టుల దగ్గర 1.6 వాట్లే ఖర్చు. రెసిస్టర్ వోల్టేజ్ రేటింగ్ కూడా 500కి తగ్గకూడదు. ఇది ఎవరూ చూడరు. బోర్డుకి ఆనించకుండా కాస్త ఎత్తులో టంకం వేయండి.

కెపాసిటర్ 220 మైక్రోఫారడ్‌లైతే ఈ రెసిస్టర్ గుండా చార్జ్ దిగడానికి దాదాపు 2 నిమిషాలు. రెసిస్టర్ ఓపెనైతే అసలు దిగదు. అందుకే ప్లగ్ పీకి, ఆగి, మీటర్‌తో ఒక్కో కెపాసిటర్ చూశాకే చెయ్యి పెట్టండి.