బాలి ఇళ్లలో బస – 4వ పాఠం: వచ్చిన ధరను చదవడం, ఇంట్లో మెలగడం

ఈసారి ఇంటి ఆవరణ గురించి మాత్రమే చెబుదామనుకున్నాను. కానీ పోయిన పాఠంలో బాలిలోని ఉబుద్ అనే ఊళ్లో మూడు హోమ్‌స్టేలకు మెసేజ్ పెట్టి గది ధర కనుక్కోమన్నాను కదా, చాలామంది ఒకేచోట తడబడ్డారు. అడగడం బాగానే వచ్చింది, జవాబు చదవడం రాలేదు. ధరలు రాసే పద్ధతి ముందే చెప్పకపోవడం నా పొరపాటు.

ఒకరికి 250.000 అని జవాబొచ్చింది. రెండు వందల యాభై అనుకుని, ఇంత చవకా అని నాలుగు గదులు అడిగేశారు. ఇండోనేషియాలో మనం కామా పెట్టే చోట చుక్క పెడతారు, చుక్క పెట్టే చోట కామా. అది రెండు వందల యాభై వేల రుపియాలు (రుపియా అంటే వాళ్ల కరెన్సీ, మన రూపాయి కాదు).

ఇంకొకావిడ నెల అద్దె అడిగితే 3,5 పక్కన జే, టీ అక్షరాలు వచ్చాయి. మూడున్నర లక్షల రుపియాలనుకున్నారు. జేటీ అంటే ‘జుతా’, అంటే పది లక్షలు. అసలు ధర ముప్పై ఐదు లక్షల రుపియాలు, పది రెట్లు. ఆర్, బీ అని ఉంటే ‘రిబు’, వెయ్యి. కే అన్నా వెయ్యే.

నోటితో చెప్పేటప్పుడు ఆ రిబుని కూడా వదిలేస్తారు. ‘దువా రాతుస్ లిమా పులుహ్’ అంటే మాట ప్రకారం రెండు వందల యాభై. వాళ్ల ఉద్దేశం మాత్రం రెండు వందల యాభై వేలు.

మనవాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కుంది. మన బుర్ర వెయ్యి దాటగానే లక్ష వైపు పోతుంది. వాళ్ల వాడుకలో లక్షకు విడిగా పేరు లేదు, ‘సెరాతుస్ రిబు’, నూరు వేలు అంటారు. మన లక్ష నుంచి వెళ్లిన ‘లక్స’ వాళ్ల పాత లెక్కల్లో ఉంది కానీ దానర్థం పదివేలు! అందుకే బాలిలో ఉన్నన్నాళ్లూ లక్ష అనే మాట మర్చిపోండి. మూడు లక్షలు అనుకోకండి, మూడు వందల వేలు అనుకోండి. ఇది ఒక్కటి వంటబడితే సగం టెన్షన్ పోతుంది.

రుపియాలను రూపాయల్లోకి మార్చడానికి నేను చేసేది ఇది. చివరి మూడు సున్నాలను బొటనవేలితో మూస్తాను. మిగిలినదాన్ని ఐదుతో గుణించి, పదో వంతు కలుపుతాను. 250 కాస్తా 1,250, కలిపితే 1,375 రూపాయలు. అసలు మారకం కంటే కాస్త ఎక్కువే వస్తుంది, నాకు అదే నిశ్చింత. ఆ ధర మామూలుగా గదికి, మనిషికి కాదు. ముందుగా ఒక్క రాత్రికే బుక్ చేసి, గది నచ్చాక మిగతా రోజులకు ఇంటివాళ్లతోనే నేరుగా మాట్లాడుకుంటాను. ఫ్యాన్ గది చాలు నాకు.

ఇక ఇల్లు. ప్రహరీ లోపల విడివిడిగా చిన్న చిన్న కట్టడాలుంటాయి, మీ గది వాటిలో ఒకటి. ఇంటి గుడి ఉబుద్ వైపు ఈశాన్యం మూలన ఉంటుంది. మనకు తెలిసిన మూలే, అయితే అక్కడి లెక్క కొండ వైపు, సూర్యోదయం వైపు అని. ఉత్తర తీరాన సింగరాజాలో కొండ దక్షిణాన ఉంటుంది కాబట్టి గుడి కూడా అటు జరుగుతుంది. పిలవకుండా ఆ గుడిలోకి వెళ్లకండి. పొద్దున్నే గుమ్మాల ముందు కొబ్బరాకు దొన్నెల్లో పూలు పెడతారు, వాటిని ‘చనంగ్’ అంటారు. దాటకండి, పక్కనుంచి నడవండి. లోదుస్తులు మనుషులు కిందుగా నడిచేలా ఎత్తున ఆరేయకండి, వాళ్లకది అపవిత్రం. శాకాహారులు ‘సంబల్’ దగ్గర జాగ్రత్త. ఆ పచ్చడిలో తరచుగా ‘తెరాసి’ అనే రొయ్యల ముద్ద కలుస్తుంది.

అభ్యాసం: ఒకటి నుంచి పది వరకు నోటికి రావాలి: సాతు, దువా, తిగా, అంపాత్, లిమా, అనమ్, తుజుహ్, దెలాపన్, సంబిలన్, సెపులుహ్. తర్వాత ఇరవై హోమ్‌స్టేల ధరలు కాగితం మీద రాసుకుని, ఒక్కోదాన్ని ముందు ఇండోనేషియన్‌లో పైకి చదివి, కాలిక్యులేటర్ లేకుండా రూపాయల్లోకి మార్చండి. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటి నుంచి చేయండి.